పాత సిలిండర్లు, కొత్త పట్టీలు



మన పేటల్లో ధమ్మం గురించి మాట్లాడటానికి వెళ్లిన ప్రతిచోటా ఒక ప్రశ్న ఎదురవుతుంది. "పాత ఆచారాలు వదలండి, పాత గ్రంథాలు నమ్మకండి అంటారు. మరి మీ బుద్ధుడేమన్నా నిన్న మొన్నటోడా? రెండువేల అయిదువందల ఏళ్లనాటి మాటని మోసుకు తిరుగుతున్నారు కదా!" అని. వెటకారానికి అడిగేవాళ్లు కొందరు. నిజంగా తేల్చుకోలేక అడిగేవాళ్లు కొందరు. ఈ రెండో రకం వాళ్లకి మనం జవాబు చెప్పి తీరాలి.

ఆ జవాబుని ఒక జత పాత స్కూబా సిలిండర్లు ముందు పెట్టుకుని చెబుతాను. నీళ్ల అడుగున ఊపిరి తీసుకోవడానికి వీపుకి కట్టుకునే సిలిండర్లవి. కొండల నడుమ ఉన్న మా పాచిపెంటకి, సముద్రంలో దిగేవాళ్ల సామానుకి ఏం సంబంధం అని మీకు అనిపించొచ్చు. ఆ సంబంధం మా చిన్నాన్న ఇంటి అటక మీద ఉంది.

అటక మీది జంట

చిన్నాన్న అంటే వరసకి చిన్నాన్న. వయసులో ఉండగా పొట్ట చేతబట్టుకుని విశాఖపట్నం వెళ్లాడు. హార్బర్లో ఒక కాంట్రాక్టరు దగ్గర ఓడల అడుగున పట్టిన నాచు, గుల్లలు గోకే పనిలో చేరాడు. పదిహేనేళ్లు నీళ్లలో పనిచేసి, మోకాళ్లు పాడయి ఊరికొచ్చేశాడు. కాంట్రాక్టరు బాకీ పడ్డ జీతం డబ్బుల కింద ఒక పాత సిలిండర్ల జత ఇచ్చి చేతులు దులుపుకున్నాడు. అప్పటినుంచీ అది అటకెక్కింది.

రెండు ఉక్కు సిలిండర్లు. వాటిని పక్కపక్కన పెట్టి రెండు ఇనప బద్దీలతో బిగించారు. పైన రెండింటినీ కలుపుతూ అడ్డంగా ఒక గొట్టం. వీపుకి గట్టిగా ఒత్తుకోకుండా మధ్యలో ఒక పలక. మందపాటి నూలు పట్టీలు భుజాలకి రెండు, నడుముకి ఒకటి, కాళ్ల మధ్యనుంచి తీసి ముందు తగిలించేది ఒకటి. పట్టీలు ఎలకలు కొరికేశాయి. మొత్తం ఒడ్డున ఎత్తితే ముప్పై కిలోల దాకా తూగుతుంది.

రెండేళ్ల కిందట చిన్నాన్న మనవడు అటక సర్దుతూ దాన్ని దించాడు. ఐటీఐ చదువుతున్న కుర్రాడు. చూసీచూడగానే వాడికి హుషారు పుట్టింది. "తాతా, పట్టీలు కొత్తవి కుట్టిద్దాం. సాలూరులో లారీ టైర్లకి గాలి కొట్టేచోట నింపిద్దాం. పెద్దగెడ్డ రిజర్వాయర్లో దిగి వీడియో తీస్తాను" అన్నాడు.

చిన్నాన్న ఒకటే మాట అన్నాడు. "అది టైరుకి పట్టే గాలి బాబూ, మనిషికి పట్టేది కాదు." తర్వాత నన్ను పిలిపించాడు. "నువ్వు నలుగురికీ చెప్పేవోడివి కదా, వీడికి చెప్పు" అని. చెప్పడానికి వెళ్లినవాణ్ణి నేనే నేర్చుకుని వచ్చాను.

లోతు పెరిగితే ఊపిరి ఖరీదు పెరుగుతుంది

ముందు ఈ సామాను పనిచేసే తీరు తెలుసుకోవాలి. 1943లో ఫ్రాన్సులో కూస్తో అనే నావికాదళ అధికారి, గాన్యాన్ అనే ఇంజనీరు కలిసి దీన్ని తయారుచేశారు. యుద్ధకాలంలో పెట్రోలు దొరక్క కార్లని గ్యాసుతో నడపడానికి గాన్యాన్ ఒక వాల్వు చేశాడు. దాన్నే మార్చి నీటి అడుగున మనిషి ఊపిరికి వాడారు. దాని గొప్పతనం ఒక్కటే. మనిషి పీల్చినప్పుడే గాలి వదులుతుంది. అదీ చుట్టూ నీరు ఎంత ఒత్తిడితో నొక్కుతోందో అంత ఒత్తిడితో వదులుతుంది.

ఈ రెండో సంగతిని చిన్నాన్న నా చేత లెక్క కట్టించాడు. ఆ రకం సిలిండరు ఒక్కొక్కటి నిండా పడితే దాదాపు రెండువేల లీటర్ల గాలి. జంటకి నాలుగువేలు. మనిషి నిమిషానికి ఇరవై లీటర్లు పీలుస్తాడనుకుంటే ఒడ్డున కూర్చుని రెండువందల నిమిషాలు, అంటే మూడు గంటలకు పైన వస్తుంది. నీళ్లలో ప్రతి పది మీటర్లకీ ఒక వాతావరణం ఒత్తిడి పెరుగుతుంది. ఇరవై మీటర్ల లోతులో ఒత్తిడి మూడింతలు. అదే మనిషి, అవే ఊపిరితిత్తులు, అదే సిలిండరు. కానీ ఒక్కో ఊపిరికీ మూడింతల గాలి ఖర్చవుతుంది. మూడు గంటల గాలి గంటకి కాస్త పైచిలుకు మాత్రమే వస్తుంది.

ఇది విన్నప్పుడు నాకు రిజర్వేషన్ల మీద రోజూ వినే సణుగుడు గుర్తొచ్చింది. "అందరికీ సమానంగా ఇస్తే సరిపోదా, వాళ్లకెందుకు ఎక్కువ?" అంటారు. ఒడ్డున ఉన్నవాడికీ లోతులో ఉన్నవాడికీ కొలిచి ఒకే గాలి ఇస్తే అది సమానత్వం కాదు. నీటి ఒత్తిడి లెక్కలో వేసుకున్న వాల్వే న్యాయమైన వాల్వు.

పైకెత్తని కడ్డీ

పాత సెట్లలో గాలి ఎంత మిగిలిందో చూపించే మీటరు చాలాసార్లు ఉండేది కాదు. దానికి బదులు రిజర్వు వాల్వు ఉండేది. గాలి తగ్గేసరికి లోపలి స్ప్రింగు అడ్డుపడి ఊపిరి బరువవుతుంది. అప్పుడు వీపు పక్కనుంచి వేలాడే కడ్డీని కిందికి లాగితే, అట్టడుగున దాచిన కాస్త గాలి విడుదలవుతుంది. ఆ గాలితో పైకి వచ్చెయ్యాలి. సిలిండరు నింపేటప్పుడు కడ్డీ కిందికి ఉండాలి. నింపాక, దిగేముందు, పైకి పెట్టాలి. పైకి పెట్టడం మరిచిపోతే హెచ్చరిక ఉండదు, దాచిన గాలీ ఉండదు. మొత్తం ఒకేసారి అయిపోతుంది.

చిన్నాన్న జోడీదారుకి ఒకరోజు అదే జరిగింది. ఓడ కింద పనిలో ఉండగా ఊపిరి ఆగిపోయింది. కడ్డీ కోసం తడిమితే అది అప్పటికే కిందికి ఉంది. నింపినవాడు పైకి పెట్టలేదు, పని తొందరలో ఎవరూ చూడలేదు. అదృష్టం కొద్దీ అతనికి రెండు సంగతులు గుర్తున్నాయి. నడుముకి కట్టుకున్న సీసం బరువుల బెల్టుని ఒక్క లాగుతో విప్పేశాడు. ఊపిరి బిగబట్టకుండా పైకొచ్చే దారి పొడుగునా గాలి వదులుతూనే వచ్చాడు. బిగబట్టి ఉంటే లోపలి గాలి ఉబ్బి ఊపిరితిత్తులు చిరిగిపోయేవి.

ఒడ్డుకొచ్చాక కాంట్రాక్టరు ఏమన్నాడో తెలుసా? "ఫారిన్ సరుకురా. ఇరవై ఏళ్లనుంచి వాడుతున్నాం. దానికేం కాదు."

చిన్నాన్న ఈ మాట చెప్పి నావైపు చూశాడు. "ఇరవై ఏళ్లనుంచి వాడుతున్నాం అన్నోడు ఒక్కపాలి కూడా నీళ్లలో దిగలేదు బాబూ" అన్నాడు.

బంధువులారా, ఈ మాట దగ్గర కాస్త ఆగండి. మన ముత్తాతలకి 'అనాదిగా వస్తున్నది' అని చెప్పింది ఎవరు? ఒడ్డున ఉన్నవాళ్లు. ఊరి బయట గుడిసెలో ఉండు, చచ్చిన గొడ్డుని ఈడ్చు, చెరువు నీళ్లు ముట్టకు అని రాసినవాడు ఎన్నడూ ఆ లోతుకి దిగలేదు. దిగనివాడు 'ఇది గట్టిదే' అని హామీ ఇస్తే, దిగేవాడు ప్రాణం పెట్టాలి. కులమంటే ఇదే ఏర్పాటు.

నీళ్లతో పరీక్ష

మరి పాతది కాబట్టి పారెయ్యాలా? నేనలాగే అన్నాను. "తుక్కుకి అమ్మేద్దాం చిన్నాన్నా" అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "పాతదని నమ్మడం ఎంత తప్పో, పాతదని పారెయ్యడం అంత తప్పు. పరీక్ష చేయించు" అన్నాడు.

విశాఖలో సిలిండర్లు పరీక్షించే చోటుకి తీసుకెళ్లాం. ముందు వాల్వులు విప్పి, లోపలికి లైటు దించి తుప్పు చూస్తారు. ఉక్కు సిలిండరు బయట ఎంత మెరిసినా, చెమ్మ చేరితే లోపలనుంచి తినేస్తుంది. తర్వాత సిలిండరు నిండా నీళ్లు నింపి, మామూలుగా పనిచేసే ఒత్తిడికంటే ఎక్కువ ఒత్తిడి పెడతారు. గాలితో ఎందుకు చెయ్యరంటే, పగిలితే గాలి బాంబులా పేలుతుంది. నీరు అలా వ్యాకోచించదు. ఒత్తిడికి సిలిండరు కాస్త ఉబ్బుతుంది. ఒత్తిడి తీసేశాక మళ్లీ తన కొలతకి వచ్చిందా, ఉబ్బు అలాగే మిగిలిపోయిందా అన్నది కొలుస్తారు. కొలతకి తిరిగొస్తే పాసు. ఉబ్బు ఎక్కువగా మిగిలితే ఫెయిలు.

మా జంటలో ఒకటి లైటు దగ్గరే ఫెయిలైంది. అడుగున తుప్పు గుంటలు పడిపోయింది. రెండోది నీళ్ల పరీక్షకి నిలబడింది. రెండూ ఒకే వయసువి. ఒకే బద్దీలో ఇన్నేళ్లు పక్కపక్కనే ఉన్నవి. పైకి ఒకే రంగు. తేడా చూపించింది పరీక్షే.

ఫెయిలైన సిలిండరుని అక్కడివాళ్లు ఊరికే వదల్లేదు. మళ్లీ ఎవరూ గాలి నింపకుండా దానికి డ్రిల్లుతో కన్నం పెట్టి ఇచ్చారు. నాకు 1927 డిసెంబరు 25 గుర్తొచ్చింది. ఆ రోజు మహాడ్‌లో బాబాసాహెబ్ నాయకత్వంలో మనుస్మృతిని తగలబెట్టారు. అది కోపంతో చేసిన పని అంటారు కొందరు. కాదు. పరీక్షలో ఫెయిలైనదాన్ని ఇంకో మనిషి వీపుకి కట్టకుండా కన్నం పెట్టడం అది.

ఇరవై ఒక్క ఏళ్ల పరీక్ష

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. మనం పాతది వదిలి ఇంకో పాతది పట్టుకున్నామా?

1935 అక్టోబరులో యేవలాలో బాబాసాహెబ్ ప్రకటించారు, హిందువుగా పుట్టినా హిందువుగా చనిపోనని. నాగపూర్‌లో దీక్ష తీసుకున్నది 1956 అక్టోబరు 14న. మధ్యలో ఇరవై ఒక్క ఏళ్లు. వేరే మతాలవాళ్లు పిలిచారు. ఆయన చదివారు, తూచారు, ప్రశ్నించారు. లక్షలమంది ప్రాణం ఆ వీపు మీద ఉందని తెలిసినవాడు కాబట్టే అంత కాలం పట్టింది.

అంతే కాదు. తాను ఎంచుకున్న బౌద్ధాన్ని కూడా ఆయన కళ్లు మూసుకుని ఎత్తుకోలేదు. 'బుద్ధుడు, ఆయన ధమ్మం' ముందుమాటలో నాలుగు చిక్కు ప్రశ్నలు తానే లేవనెత్తారు. ఒక రోగిని, ఒక ముసలివాణ్ణి, ఒక శవాన్ని మొదటిసారి చూసి సిద్ధార్థుడు ఇల్లు వదిలాడన్న కథ నమ్మదగిందా? నాలుగు ఆర్యసత్యాలు బుద్ధుడి అసలు బోధలోవేనా? ఆత్మ లేదన్నాక కర్మ, పునర్జన్మ ఎలా కుదురుతాయి? భిక్షువు తన ముక్తి కోసమా, లోకసేవ కోసమా? లోపల లైటు దించి తుప్పు వెతకడం అంటే ఇదే. ఇన్ని పరీక్షలయ్యాక నిలబడ్డ సిలిండరుకి, ఇరవై రెండు ప్రతిజ్ఞలనే కొత్త పట్టీలు కుట్టి మన భుజాలకి సరిపోయేలా బిగించి ఇచ్చారు. సిలిండరు పాతదే. పట్టీలు మన ఒంటి కొలతకి కుట్టినవి.

ఇలా పరీక్షించే హక్కు ఎవరిచ్చారు? బుద్ధుడే ఇచ్చాడు. కేసపుత్తంలో కాలాములు తమ సందేహం చెప్పుకున్నప్పుడు ఆయన చెప్పిన సారం అదే. వంశపారంపర్యంగా వచ్చిందనో, గ్రంథంలో ఉందనో, చెప్పినవాడు గురువనో నమ్మొద్దు. ఆచరిస్తే మేలు జరుగుతోందా, కీడు జరుగుతోందా, మీకై మీరు తెలుసుకుని పట్టుకోండి, లేదా వదలండి. పరీక్షకి ఒప్పుకోని పాతకీ, పరీక్ష చెయ్యమని తానే అడిగే పాతకీ ఉన్న తేడా ఇది. మన జవాబు కూడా ఇదే.

ఒడ్డుకొచ్చాక దించెయ్యాలి

ఇంకో సంగతి ఉంది. పరీక్షకి నిలబడ్డదాన్ని కూడా ఎల్లకాలం మొయ్యకూడదు. నీళ్లలో ఆ జంట సిలిండర్ల బరువు దాదాపు తెలియదు. ఒడ్డున అదే నడుము విరిచేస్తుంది. అందుకే పట్టీలకి ఒక్క లాగుతో విడిపోయే బకిల్ పెడతారు. సీసం బెల్టు ఆ పట్టీలన్నిటికీ పైన కట్టుకోమంటారు, వదిలితే ఎక్కడా చిక్కుకోకుండా జారిపోవాలని. మొయ్యడం ఎలాగో నేర్పేముందు దించడం ఎలాగో నేర్పుతారు.

బుద్ధుడు తెప్ప ఉపమానం చెప్పాడు కదా. ఏరు దాటించింది కదా అని తెప్పని నెత్తిన పెట్టుకుని నడిచేవాడు తెలివిగలవాడు కాడు. తన ధమ్మం గురించే ఆయన ఆ మాట అన్నాడు. మన విహారాల్లో కొందరు పాళీ మాటలు వల్లించడమే ధమ్మం అనుకుంటున్నారు. బాబాసాహెబ్ ఫొటోకి కొబ్బరికాయ కొట్టేవాళ్లనీ చూశాను. అది ఒడ్డున సిలిండర్లు కట్టుకుని ఊరేగడం.

మా ఇంట్లోనే ఈ చిక్కు వచ్చింది. మేము దీక్ష తీసుకున్నాక మా అన్నయ్య, నాన్న డప్పుని తగలబెడదామన్నాడు. నాన్న ఆ డప్పు మెడలో వేసుకుని పెద్దింటి చావులకి వాయించాడు. దొరల ముందు చెప్పులు విడిచి నిలబడి వాయించాడు. అన్నయ్య కోపం న్యాయమైనదే. కానీ అదే డప్పు మీద నాన్న మాకు లయ నేర్పాడు. మా అమ్మ నవ్విన కొద్ది రోజుల్లో ఆ మోత ఉంది. సిలిండర్ల సంగతి జరిగాక అన్నయ్యతో కూర్చున్నాను. "తప్పు డప్పుదా, దాన్ని మెడకి కట్టిన పట్టీదా?" అని అడిగాను. ఇద్దరం చాలాసేపు మాట్లాడలేదు. చివరికి ఒప్పందానికొచ్చాం. పిలిపించుకుని వాయించమనే ఏ గుమ్మం ముందూ అది మోగదు. ఏప్రిల్ 14న, అక్టోబరు 14న మా పేటలో మాకోసం మోగుతుంది. అన్నయ్య ఇప్పటికీ దాన్ని ముట్టడు. ముట్టమని నేనూ అడగను. బరువు మోసినవాడి లెక్క వాడిదే.

గాలి లేకుండా దిగుతున్నవాళ్లు

ఈ సిలిండర్ల గురించి ఎంత మాట్లాడినా ఒక మాట చెప్పకపోతే తప్పు చేసినట్టే. మన ఉత్తరాంధ్ర పట్టణాల్లో మురుగు ఎత్తే పని తరతరాలుగా రెల్లి సోదరుల మీద పెట్టారు. మురుగు గుంటలో మనిషి చచ్చేది ఎక్కువగా విషవాయువు వల్ల, ప్రాణవాయువు లేకపోవడం వల్ల. మూతికి గుడ్డ కట్టుకుంటే అది ఆగదు. తన గాలి తాను వీపున మోసుకెళ్లే సామాను ఉంటేనే ఊపిరి ఆడుతుంది. అలాంటి సామాను లోకంలో ఎనభై ఏళ్లనుంచి ఉంది. సరదాకి చేపల్ని చూడటానికి దిగేవాడి వీపుకి ఉంది. గుంటలో దిగేవాడి నడుముకి మాత్రం తాడే ఉంది.

2013లో చట్టం వచ్చింది. రక్షణ సామాగ్రి లేకుండా మనిషిని మురుగులోకి దించడం నేరం. 2014 మార్చి 27న సుప్రీంకోర్టు చనిపోయినవారి కుటుంబాలకి పది లక్షలు ఇవ్వమంది. 2023 అక్టోబరు 20న దాన్ని ముప్పై లక్షలు చేసింది. కోలారు బంగారు గనుల్లో తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ ఈ పోరాటానికి 2016లో మెగసెసె అవార్డు అందుకున్నారు. అయినా చావులు ఆగలేదు. మనిషి దిగే అవసరమే లేకుండా యంత్రం దిగాలి. అది మన డిమాండు. అంతవరకూ మీ వీధిలో ఎవరైనా గుంటలోకి దిగబోతుంటే అడ్డుపడండి. దించేవాణ్ణి ఒక ప్రశ్న అడగండి: "నువ్వు దిగుతావా?"

నువ్వు పాసయ్యావా?

మా కుర్రాడి సంగతి చెప్పి ముగిస్తాను. ఒక సిలిండరు పాసైందని తెలిసి వాడు గెంతులేశాడు. చిన్నాన్న నవ్వి, "సిలిండరు పాసైంది. నువ్వు పాసయ్యావా?" అన్నాడు. వాడికి సరిగ్గా ఈత రాదు. ఆ ఏడాది ఈత నేర్చుకున్నాడు. తర్వాత రుషికొండలో స్కూబా నేర్పేవాళ్ల దగ్గర చేరాడు. వాళ్లు వాడికి చెప్పిన మొదటి నియమం, నీళ్లలో ఎప్పుడూ ఊపిరి బిగబట్టకు అని. నేను వాడికి ఆనాపానసతి నేర్పుతూ రెండేళ్లుగా చెబుతున్నది అదే. ఊపిరిని బిగబట్టకు, తోలకు, ఊరికే తెలుసుకుంటూ ఉండు. నేను చెబితే ఆవలించేవాడు. నీళ్లలో ఒకసారి భయపడ్డాక వాడికి అర్థమైంది.

శిక్షణ అయిన రోజు ఇద్దరం తొట్లకొండ ఎక్కాం. 1970ల్లో నావికాదళం సర్వే చేస్తుంటే బయటపడిన బౌద్ధక్షేత్రం అది. 1988 నుంచి 1993 వరకూ తవ్వకాలు జరిగాయి. భిక్షువులు రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే దానికా పేరు. కుర్రాడు ఒక తొట్టిలోకి వంగి చూశాడు. "ఇవీ ట్యాంకులే కదా మామయ్యా. ఇన్నేళ్లయినా పగల్లేదు" అన్నాడు. "పగల్లేదని మొక్కకు. దాహం తీర్చింది కాబట్టి గుర్తుపెట్టుకో" అన్నాను.

కన్నం పడ్డ సిలిండరు ఇప్పుడు మా పేట విహారం ముందు వేపచెట్టుకి వేలాడుతోంది. అడుగు కోయించి గంట చేశాం. ఊపిరికి పనికిరాని ఉక్కు, పిలుపుకి పనికొచ్చింది. ఆదివారం సాయంత్రం కుర్రాడు సుత్తితో కొడితే పక్క పేట దాకా వినిపిస్తుంది. పాసైన సిలిండరు చిన్నాన్న ఇంట్లోనే ఉంది. కొత్త పట్టీలు ఇంకా కుట్టించలేదు. మళ్లీ పరీక్ష గడువు ఎప్పుడో దాని మీద సుద్దతో రాసి పెట్టాడు.

మీ ఇళ్లలో అటక మీద ఏమేం ఉన్నాయో దించి చూడండి. ఆచారం గానీ, సామెత గానీ, తాతలిచ్చిన భయం గానీ. లోపలికి లైటు పట్టండి. మీరు దిగే లోతుకి అది ఊపిరి ఇస్తుందా, తీస్తుందా చూడండి. ధమ్మాన్నీ అలాగే చూడండి. అది పరీక్షకి భయపడదు.

జై భీమ్. నమో బుద్ధాయ.